పాలమీది కంచు మూత

ఇలా రా ప్రీతీ. గుమ్మంలో నిలబడితే నా మాట సగం రోడ్డు మీదికి పోతుంది. ఆ పీట లాక్కుని దగ్గరగా కూర్చో. నిన్న పెరుగు తోడు కోసం వచ్చినప్పుడు అడిగావు కదా, "మామ్మగారూ, పాలమీద ఆ కంచు మూత అద్దంలా తోముతారు, అంచున ఆ ఎర్రమచ్చ ఒక్కటీ ఎందుకు వదిలేశారు" అని. నిన్న పొయ్యి మీద పులుసు ఉండి చెప్పలేదు. ఇవాళ పని లేదు, వాన కూడా పట్టింది, నువ్వు ఎక్కడికీ పోలేవు. ఆ మచ్చ వదిలెయ్యలేదమ్మా, ఉంచుకున్నాను. దాని వెనక మా వియ్యపురాలు ఉంది, ఒక ఎండాకాలం ఉంది, బోలెడంత కడుపుమంట ఉంది. కడుపుమంట నాదే. అది కూడా చెబుతాను, విను.

పోయిన ఏడాది సంగతి. బడులకి సెలవులిచ్చారు. ఎండలు ఎలా ఉన్నాయంటే కొల్లేటి వైపు నుంచి వచ్చే గాలి కూడా పొయ్యి ఊదినట్టే వచ్చేది. మా అబ్బాయి గోపీచంద్ చేపల చెరువు కౌలుకి తీసుకున్నాడు కదా, ఆ ఎండలో చెరువులో నీళ్ళు తగ్గిపోతున్నాయని పొద్దస్తమానం గట్టు మీదే ఉండేవాడు. ఇంట్లో నేను, మా కోడలు భాగ్యశ్రీ, మనవరాలు పింకీ. పింకీకి అప్పటికి పాలపళ్ళు ఊడుతున్నాయి. పుట్టిన దగ్గర్నుంచి దానికి నా పక్కే పక్క. అన్నం నా చేత్తో పెడితేనే దిగేది. వాళ్ళమ్మ పిలిస్తే పలకదు, నేను దగ్గితే పరిగెత్తుకొస్తుంది. ఊళ్ళో ఎవరైనా "సుబ్బలక్ష్మిగారి తోక" అంటే నేను పైకి విసుక్కునేదాన్ని, లోపల ఎంత పొంగిపోయేదాన్నో నాకే తెలుసు.

అలాంటి ఇంట్లోకి ఒక మధ్యాహ్నం మా వియ్యపురాలు నాగదుర్గ ఆటో దిగింది. భాగ్యశ్రీ వాళ్ళమ్మ. వాళ్ళది తాడేపల్లిగూడెం. అక్కడ ఒక సినిమా హాల్లో వాళ్ళాయన క్యాంటీన్ నడిపేవాడు. హాలు కొట్టేసి కల్యాణ మండపం కట్టారు, ఆ తరవాత కొన్నాళ్ళకే ఆయనా పోయాడు. ఆవిడ ఒక్కత్తే అద్దె ఇంట్లో ఉండేది. పండగకీ పబ్బానికీ వచ్చి, కాఫీ తాగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవడమే తప్ప మా ఇంట్లో ఎన్నడూ నిద్ర చెయ్యలేదు. కూతురి అత్తవారింట్లో మకాం పెట్టడం మా వైపు పెద్దలకి చిన్నతనం. ఆ రోజు మాత్రం ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో గోనెపట్టాలో చుట్టిన పెద్ద మూకుడు. పొడుగు పిడి ఉన్న లోతు మూకుడు, అడుగున ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడుతోంది.

"అమ్మాయి సెలవులకి రమ్మందండీ వదినగారూ. మీకేమైనా ఇబ్బంది అవుతుందేమో" అంది ఆవిడ గుమ్మంలోనే ఆగి.

"అయ్యో, అదేం మాటండీ వదినగారూ. మీ అమ్మాయి ఇల్లు కాదాండీ. రండి రండి" అన్నాను.

అనడానికేముంది. నోరు మెత్తగానే అంటుంది. నా కళ్ళు మాత్రం మూకుడు మీద ఉన్నాయి. చుట్టపు చూపుకి వచ్చేవాళ్ళు పళ్ళు తెస్తారు, పూలు తెస్తారు. మూకుడు తెచ్చుకునేవాళ్ళు ఎన్నాళ్ళు ఉండడానికి వచ్చినట్టు?

మర్నాడు వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని పింకీ వంటింట్లోకి వచ్చింది. ఫోన్‌లో ఎవరో దొరసాని పెద్ద గుండిగలో తెడ్డు వేసి తిప్పుతోంది, గుండిగలోంచి మొక్కజొన్న పేలాలు తెల్లగా మల్లెపూలలా పొంగుతున్నాయి.

"అమ్మమ్మా, ఇది కెటిల్ కార్న్ అంట. తియ్యగా ఉంటుందంట, కారంగా కూడా ఉంటుందంట. నువ్వు చేస్తావా?"

నన్ను అడగలేదు చూశావా. వంటిల్లు నాది, పొయ్యి నాది, పక్కనే పీట మీద కూర్చుని వంకాయలు తరుగుతున్న మనిషిని నేను. అయినా అది అమ్మమ్మని అడిగింది.

నాగదుర్గ ముఖం అలా వెలిగింది. "హాల్లో అయితే ఉప్పువే అమ్మేవాళ్ళం తల్లీ. ఈ తీపీ కారం కలిపినవి మీ తాతయ్య నా ఒక్కదాని కోసం చేసేవారు, జనం తక్కువ ఉన్న రోజున. ఆయన చెయ్యి చూసి నేర్చుకున్నాను" అంది. సంచిలోంచి మొక్కజొన్న గింజల పొట్లం తీసింది. చిన్న చిన్న గింజలు, ఒక్కొక్కటి పూసలా ఉంది. పొయ్యి వెలిగించి మూకుడు పెట్టి, ఇటూ అటూ చూసి నా వైపు తిరిగింది.

"వదినగారూ, కాస్త బరువైన మూత ఏదైనా ఉందాండీ? దీని మూత హాలు కూలగొట్టినప్పుడు సామాన్లలో ఎక్కడో పోయింది."

"స్టీలు పళ్ళేలు ఉన్నాయి కదండీ."

"అవి తేలికండీ, ఎగిరిపోతాయి. అదిగో, ఆ కంచుది కొలిచినట్టు సరిపోయేలా ఉంది."

పెరటి గుమ్మం పక్కన మా దాలి చూశావు కదా. పిడకల సెగ మీద పాలు పొద్దంతా కాగుతూ ఉంటాయి. ఆ పాలమీద ఈ మూత. మా అత్తగారు నా చేతికిచ్చిన వస్తువుల్లో మిగిలింది ఇదొక్కటే.

"అది పాలమూతండీ వదినగారూ" అన్నాను. "మా అత్తగారి నాటిదండీ. పాలకి తప్ప దేనికీ వాడమండీ. ఉప్పూ కారం తగిలితే పాలు విరిగిపోతాయండీ. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అయితే వద్దులెండి" అంది ఆవిడ. గోడకి ఆనించి ఉన్న చాట తీసుకుంది.

పాలగిన్నెలూ మూతలూ విడిగా ఉంచుకోవడం మా ఇంటి పద్ధతే, అబద్ధం ఏమీ కాదు. కానీ ఆ అడిగింది ఇంకెవరైనా అయితే ఇచ్చేదాన్నా అంటే, ఏమో, తోమి ఇచ్చేదాన్నేమో. మూత ఇవ్వకపోతే ఆట అక్కడితో ఆగుతుందనుకున్నాను. అదే నేను తప్పు లెక్క వేసింది.

ఆవిడ మూకుట్లో నూనె వేసి రెండు గింజలు పడేసింది. అవి టప్పుమని పేలగానే మిగతా గింజలు, వాటి మీద గుప్పెడు పంచదార వేసి ఒక చేత్తో పిడి పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. ఇంకో చేత్తో చాట అడ్డం పెట్టింది. "ఆపితే పంచదార మాడిపోతుంది, చెయ్యి ఆగకూడదు" అంటూ ఊపుతూనే ఉంది. పింకీని వెనక్కి, గుమ్మం దాకా పొమ్మంది. ఇక చూడు. చాట పైన ఎంత కప్పుతుంది? పక్కనుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి, ఆ తరవాత లెక్కా పత్రం లేదు. బొరుగుల్లా, మొగ్గల్లా, అలమర మీదికి, ఉప్పు జాడీ మీదికి, నా వంకాయ ముక్కల్లోకి, నా నెత్తిన. పింకీ బడి గొడుగు తెచ్చి గుమ్మంలో తెరిచి పట్టుకుని, "వాన, వాన, అమ్మమ్మ వాన కురిపిస్తోంది" అని గెంతుతోంది. అది అంత పగలబడి నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నేను మూత ఇచ్చి ఉంటే ఆ నవ్వు ఉండేదే కాదు. అది తలచుకుంటే నాకు ఇంకా మండింది.

దించాక ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర పొడి చల్లి ఎగరేసింది. అందరికీ గిన్నెల్లో పోసింది.

"నాకొద్దండీ, పళ్ళు నెప్పి" అన్నాను.

రుచి చూడలేదనుకోకు. సాయంత్రం ఊడుస్తుంటే పీట కింద ఒకటి దొరికింది. ఎవరూ చూడకుండా నోట్లో వేసుకున్నాను. ముందు పంచదార పెళుసుగా విరిగింది, తరవాత ఉప్పు, మింగేశాక గొంతులో నెమ్మదిగా కారం. పీట కింద ఇంకా ఉన్నాయేమోనని వెతికాను. ఇంతకన్నా చెప్పను.

అది మొదలు. రోజూ పొద్దువాలేసరికి మా వంటింట్లో వాన. పింకీ గొడుగు. వీధిలో పిల్లలంతా మా అరుగు మీద. ఆటో నడిపే అబ్బులు మా ఇంటి ముందు బ్రేకు వేసి, "సుబ్బలక్ష్మమ్మగారూ, మీ ఇంట్లో ఇంటర్వెల్ అయినట్టుందండీ, వాసన గేటు దాకా వస్తోంది" అనేవాడు. పింకీ పొట్లం కట్టి వాడికి ఇచ్చి, "మా అమ్మమ్మ చేసింది, మా అమ్మమ్మది సినిమా హాలు" అనేది.

మా అమ్మమ్మ. ఆ 'మా' అన్నప్పుడల్లా నాకు వేలి సందున ముల్లు దిగినట్టుండేది.

తరవాత జడ. "మామ్మా, నువ్వు వేస్తే మధ్యాహ్నానికి వదులైపోతుంది, అమ్మమ్మ గట్టిగా వేస్తుంది" అని దువ్వెన పట్టుకుని నా ముందు నుంచే దాటి వెళ్ళింది. తరవాత అన్నం. ఆవకాయ కలిపి ముద్ద చేసి చెయ్యి చాపి కూర్చున్నాను, "అమ్మమ్మ దగ్గర తినేశాను" అంది. ఆ ముద్ద ఏం చెయ్యాలో తెలియక నేనే తిన్నాను. ఆఖరికి ఒకరోజు తలగడ చంకలో పెట్టుకుని ఆవిడ మంచం వైపు నడిచింది. నేను నా మంచం మీద పడుకుని ఫ్యాను రెక్కలు చూస్తూ ఉన్నాను.

మా గోపీచంద్ మొద్దబ్బాయిలా కనిపిస్తాడు గానీ కనిపెట్టాడు. అన్నం తింటూ, "ఏమ్మా, ఏమిటి సంగతి?" అన్నాడు.

"ఏముందిరా?"

"మా అత్తయ్యగారితో మాట్లాడేటప్పుడు మాటకి మూడు అండీలు పెడుతున్నావు. నీకు కోపం వచ్చిన కొద్దీ అండీలు ఎక్కువవుతాయి. కౌలు దగ్గర పేచీ వచ్చినప్పుడు ఆ చెరువు ఆసామిని కూడా అలాగే 'అండీ అండీ' అని చంపేశావు."

"నోరు మూసుకుని తినండీ" అన్నాను. వాడు నవ్వి నీళ్ళు తాగాడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆవిడ చేసేది కెటిల్ కార్న్ కదా. పేర్లోనే కెటిల్ ఉంది. ఆవిడేమో మూకుట్లో చేస్తోంది. మూకుట్లో చేసింది మూకుడు కార్న్ అవుతుంది గానీ కెటిల్ కార్న్ ఎలా అవుతుంది? అసలైనది చెయ్యడం ఆవిడకి రాదన్నమాట. నా దగ్గర కెటిల్ ఉంది. నాట్లప్పుడు పొలానికి కూలీలకి టీ పంపే సత్తు కెటిల్, దానికి గొలుసుతో మూత కూడా ఉంది. గింజలు కూడా ఉన్నాయి. మా తమ్ముడు అబ్బాయిరాజు కామవరపుకోటలో మొక్కజొన్న వేస్తాడు, కోళ్ళకి పొయ్యమని బస్తాడు పంపాడు. ఒక్కొక్క గింజ ఆవిడ గింజకి రెండింతలుంది. గింజే ఇంతుంటే పువ్వు ఎంతుంటుంది అనుకున్నాను.

భాగ్యశ్రీ వాళ్ళమ్మని ఏలూరు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు చూసుకున్నాను. పింకీని పీట వేసి కూర్చోబెట్టి, "చూడు, అసలైన కెటిల్ కార్న్ ఎలా ఉంటుందో" అని పొయ్యి వెలిగించాను. కెటిల్లో నూనె పోశాను, గింజలు పోశాను. పంచదార ఎందుకు, బెల్లం అయితే ఇంకా రుచి కదా అని బెల్లం కొట్టి వేశాను. ఉప్పూ కారం తరవాత చల్లితే ఏం పడుతుంది, లోపలే వేస్తే ప్రతి గింజకీ పడుతుంది అని అవీ వేసేసి మూత బిగించాను.

కాసేపు ఏమీ లేదు. పింకీ గొడుగు తెరిచి పట్టుకుని నిలబడింది. నేను కెటిల్ పిడి పట్టుకుని ఊపుతున్నాను. గింజలు లోపల గులకరాళ్ళలా గలగలమన్నాయి తప్ప ఒక్కటీ పేలలేదు. తరవాత బెల్లం మాడింది. ఆ తరవాత కారం. కెటిల్ ముక్కులోంచి నల్లటి పొగ సుయ్యిమని లేచింది.

"మామ్మా, రైలింజన్" అంది పింకీ.

ఇద్దరం దగ్గుకుంటూ పెరట్లోకి పరిగెత్తాం. కారం ఘాటుకి పాకలో గేదె తుమ్మింది. ఎదురింటి వాళ్ళు ముక్కులకి చెంగులు అడ్డం పెట్టుకుని వచ్చారు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర అబ్బులు ఆటో ఆగింది. కళ్ళకి నల్ల అద్దాలతో నాగదుర్గ దిగింది.

ఆవిడ ముక్కుకి చెంగు కట్టుకుని లోపలికి వెళ్ళి, గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి, కెటిల్ గుడ్డతో పట్టుకుని పెరట్లోకి తెచ్చింది. అద్దాలు పైకెత్తి లోపలికి చూసింది. ఒక గింజ తీసి గోటితో నొక్కింది.

"అమ్మమ్మా, మామ్మ కెటిల్ కార్న్ కెటిల్లో చేసింది" అంది పింకీ. ఎదురింటి వాళ్ళు నవ్వారు. అబ్బులు కూడా. నాగదుర్గ నవ్వలేదు.

"పేరు ప్రకారం మీ వదినగారు చేసిందే సరైనది కదమ్మా" అంది భాగ్యశ్రీ, వాతావరణం తేలిక చేద్దామని, వాళ్ళమ్మతో.

"అవునే, పేరైతే అదే మరి" అని నాగదుర్గ నెమ్మదిగా నా వైపు తిరిగి, "ఇవి దాణా గింజలండీ వదినగారూ. పైతోలు వేరుగా ఉంటుంది వీటికి. ఎంత సెగ పెట్టినా లోపల్లోపల మాడతాయి గానీ పేలవండీ" అంది.

ఆవిడ గింజల గురించే అంది ప్రీతీ. నాకు మాత్రం నా ముఖం చూసి అన్నట్టు వినిపించింది. లోపల్లోపల మాడేది ఎవరో ఆ పెరట్లో నాకు తప్ప ఎవరికి తెలుసు? ఆవిడ నవ్వి ఉంటే బాగుండేది, నాలుగు మాటలు అనేదాన్ని. నవ్వలేదు. కూర్చుని ఆ కెటిల్ని చింతపండు పెట్టి తోమింది. నా వస్తువు నాకు మెరిసేలా తోమి ఇస్తే, తీసుకుని మూలన పెట్టాను. థాంక్స్ కూడా చెప్పలేదు.

బడులు తెరిచారు. కాలవలకి నీళ్ళు వదిలారు. నారుమళ్ళు పచ్చబడ్డాయి. నాగదుర్గ ఇంకా ఉంది. ఒకరోజు నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే భాగ్యశ్రీ వచ్చి ఎదురుగా కూర్చుంది. అది కూర్చున్న తీరులోనే తెలిసింది.

"అత్తయ్యగారూ, గూడెంలో మా అమ్మ ఉండే ఇల్లు ఖాళీ చెయ్యమన్నారండీ. ఇంకో ఇల్లు చూసుకోవాలంటే ఒక్కత్తీ..." అని ఆగింది. "ఇక్కడే ఉండమంటే మీరేమంటారండీ? మీ అబ్బాయిని అడిగితే మిమ్మల్నే అడగమన్నారు."

రాయి ఒకటి దొరికింది. బయటికి విసిరాను.

"తొలి ఏకాదశి వెళ్ళాక చూద్దాంలే" అన్నాను.

వద్దనడానికి నోరు రాలేదు. ఉండమనడానికి అంతకన్నా రాలేదు. ఆవిడ ఉండిపోతే నా తోక ఇక నాది కాదు, అదీ నా లెక్క. ఆ మాట భాగ్యశ్రీ వాళ్ళమ్మకి చేరవేసి ఉంటుంది. ఆ సాయంత్రం మా వంటింట్లో వాన లేదు.

తొలి ఏకాదశి మాత్రం నా పండగ. ఏడాదికి ఒక్కరోజు పేలాలు వేయించేది నేను. పేలపిండి కలిపేది నేను. మా ఇంట్లో మంగలం ఉంది, అటక మీంచి దించాను. "మంగలం దించాను, రావే" అని పిలిస్తే పింకీ వచ్చి, "మంగళం పాడతావా మామ్మా? అయితే అయిపోయినట్టేనా?" అంది. వాళ్ళ బళ్ళో ప్రార్థన ఆఖర్న పాడతారట. "పాట కాదే, కుండ" అని చూపించాను. కుండలో పోసిన ఇసక కాగాక గుప్పెడు జొన్నలు వేసి పుల్లలతో తిప్పితే, చిటపటమంటూ చిన్న చిన్న పేలాలు. గొడుగు అక్కర్లేని పేలాలు. ఇవి నా పేలాలు అనుకున్నాను. జల్లించి, పొడి కొట్టి, బెల్లం, యాలకులు కలిపి, దేవుడికి పెట్టి, మొదటి గుప్పెడు ఎప్పటిలాగే పింకీ చేతిలో పోశాను. అది తిని, "బాగుంది మామ్మా" అంది. నా ప్రాణం కుదుటపడింది. వెంటనే పిడికిలి బిగించి మిగతాది పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

నేను పాలు చూసే వంకతో వెనకే వెళ్ళాను.

నాగదుర్గ నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చుని తన మూకుడు తోముకుంటోంది. పక్కన గోనెపట్టా పరిచి ఉంది. లోపల మంచం మీద బట్టల సంచి సర్ది ఉండటం అప్పటికే చూశాను. పింకీ ఆవిడ నోట్లో పేలపిండి పెట్టి, చెయ్యి దులుపుకుని వీధిలోకి పోయింది. గోపీచంద్ కొట్టంలో వల బాగు చేసుకుంటున్నాడు.

"ఎంత కమ్మగా ఉందో వదినగారూ" అంది నాగదుర్గ. మూకుడు బోర్లించి, తడిచేతులు చెంగుకి తుడుచుకుంది. "రేపు పొద్దున్న బస్సుకి వెళ్తానండీ. వెళ్ళేముందు ఒక మాట చెప్పాలి. ఏమీ అనుకోకండి."

"చెప్పండి."

"పింకీ బారసాల రోజు నుంచీ మీరంటే నాకు కడుపుమంటండీ."

ఆవిడ ఆ మాట ఎంత మర్యాదగా అందంటే, కాఫీలో పంచదార చాలిందా అని అడిగినట్టుంది.

"పండక్కి వచ్చేదాన్ని కదండీ. బస్సులో దారి పొడుగునా అది నా మీదికి దూకుతుందనే ఊహించుకునేదాన్ని. తీరా గుమ్మంలోకి వచ్చేసరికి మీ చెంగు వెనక దాక్కుని 'ఎవరు మామ్మా' అనేది. ఎవరు అని. మీరు నవ్వుతూ 'అమ్మమ్మే తల్లీ' అని చెప్పేవారు. ఆ నవ్వు ఉందే, దాన్ని తలచుకుంటూ గూడెం దాకా వెళ్ళేదాన్నండీ." ఆవిడ మూకుడు అంచు మీద వేలితో రాస్తూ ఉంది. "ఈ వేసవిలో అది నన్ను చూపించి 'మా అమ్మమ్మ' అంది. మీకు కష్టంగా ఉందని నాకు తెలుసండీ వదినగారూ. తెలిసే ఆపలేదు. ఇంకొక్క రోజు చేద్దాం, ఇంకొక్క రోజు అనుకున్నాను."

దాలిలో పాలు కాగుతున్న చప్పుడు. కొట్టంలో గోపీచంద్ చెయ్యి ఆగింది.

ఆ నవ్వు నాకు తెలుసు ప్రీతీ. అది ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ ఎండాకాలం అంతా ఆవిడ ముఖం మీద నేను వెతికింది అదే.

వంగి పాలమీద మూత తీశాను. అడుగున పట్టిన ఆవిరి చెంగుతో తుడిచాను.

"ఇది నీ మూకుడికి సరిపోతుందేమో చూడు, వదినా" అన్నాను.

'గారు' పెట్టలేదు. 'అండీ' పెట్టలేదు. ఎందుకో నోటికి రాలేదు. గోపీచంద్ కొట్టంలోంచి తలెత్తి నా వైపు చూశాడు, మళ్ళీ వల మీదికి వంగాడు.

నాగదుర్గ మూత రెండు చేతులా అందుకుంది. "పాలు విరుగుతాయన్నారు కదండీ."

"విరిగితే విరుగుతాయి. కోవా చేసుకుందాం."

సాయంత్రం మళ్ళీ మూకుడు ఎక్కింది. నాగదుర్గ పిడి పట్టుకుంది, మూత పట్టుకునే పని నాది. గింజలు వేసింది, పంచదార వేసింది, నేను మూత దించాను. కొలిచినట్టు కూర్చుంది. లోపల టపటపా మొదలైంది. గుమ్మంలో పింకీ గొడుగు తెరిచి ఎదురు చూస్తోంది. చూసింది, చూసింది. ఒక్కటీ బయటికి రాలేదు.

"మూత ఎందుకు పెట్టావు మామ్మా? మూత పెడితే వానెలా పడుతుంది?" అని ఏడుపు లంకించుకుంది.

నేను నాగదుర్గని చూశాను, ఆవిడ నన్ను చూసింది. ఎండాకాలం మొదట్లో ఆవిడ అడిగి, నేను పట్టుబట్టి ఇవ్వని ఆ మూత ఆ పిల్లకి అక్కర్లేదు. ఆవిడకి ముందు నవ్వొచ్చింది. నవ్వితే పిడి వణికింది. "ఊపు, ఊపు, మాడుతుంది" అంటూ నేనూ నవ్వాను. "కాస్త ఎత్తండి వదినగారూ" అంది. "గారు తియ్యి, ఎత్తుతాను" అన్నాను. "ఎత్తు వదినా" అంది. అంచు కొంచెం ఎత్తాను. ఆ సందులోంచి వాన మొదలైంది. పింకీ కేరింతలు. దించాక మూత అడుగుది పైకి తిప్పి, దాంట్లోనే కాసిని పోసి ఉప్పూ కారం కలిపి ముగ్గురం తిన్నాం. కరిగిన పంచదారలో కారం కలిసి అంచుకి పట్టేసింది. ఇదిగో, ఈ మచ్చ అదే.

బట్టల సంచి ఎవరు విప్పారో నేను చూడలేదు. భాగ్యశ్రీ మళ్ళీ ఆ మాట అడగలేదు. మర్నాడు పొద్దున్న అబ్బులు ఆటో తెచ్చి హారన్ కొడితే, గోపీచంద్ వెళ్ళి, ఎవరూ వెళ్ళట్లేదు, తవుడు బస్తాలున్నాయి చెరువు దాకా వెయ్యి అన్నాడు.

ఇప్పుడు వెనక గదిలో కునుకు తీస్తోంది చూడు, ఆవిడే. మాకు సఖ్యత కుదిరిపోయి అక్కాచెల్లెళ్ళలా ఉంటున్నామని మాత్రం ఎవరికీ చెప్పకు. పింకీ బడి నుంచి వచ్చి ముందు ఎవరి దగ్గరికి వెళుతుందో ఇద్దరం ఓరగా చూస్తూనే ఉంటాం. ఆవిడ దగ్గరికి వెళితే నాకు ఇక్కడ చురుక్కుమంటుంది. నా దగ్గరికి వస్తే ఆవిడ మూకుడు కాస్త గట్టిగా పెడుతుంది పొయ్యి మీద. అప్పుడు నేను, "ఏం వదినా, మాడుతున్నావా, పేలుతున్నావా?" అంటాను. "పేలుతున్నాను, తప్పుకో" అంటుంది.

నువ్వు ఇది గుర్తుంచుకో ప్రీతీ. మీ అమ్మగారు నిన్ను చూడటానికి వస్తారు కదా, మీ అత్తగారు కూడా ఇంట్లో ఉన్న పూట చూసి, ఇద్దరినీ ఒక దగ్గర కూర్చోబెట్టి ఈ కథ చెప్పు. నా కడుపుమంట ఏమీ తగ్గించకు, కెటిల్ సంగతి కూడా దాచకు, నవ్వుకుంటే నవ్వుకోనీ. ఏది మర్చిపోయినా ఫరవాలేదు గానీ ఆఖరిది మాత్రం వదలకు. ఆ పూట ఈ మూత కడిగి మళ్ళీ పాలమీదే పెట్టాను. తెల్లారి లేచి, ఆవిడ అటు నేను ఇటు నిలబడి, తీసి చూశాం.

పాలు విరగలేదని చెప్పు.